చైనా లక్క, ఏటికొప్పాక లక్క

పాత చైనా పెట్టెలు, బీరువాలు, మడత తెరలు మ్యూజియంలో చూసినప్పుడు మన ప్రాంతం వాళ్లకు ఒక అనుమానం వస్తుంది: ఇదీ ఏటికొప్పాక లక్కేనా? కాదు. రెండూ పుట్టుకలోనే వేరు.

చైనా లక్క ఒక చెట్టు పాలు. ఆ చెట్టు మామిడి, జీడిమామిడి కుటుంబానిది. జీడిపిక్క జిడ్డు తగిలితే చేతులు పొక్కుతాయని గొలుగొండ, నర్సీపట్నం వైపు ఎవరినడిగినా చెబుతారు. ఆ పచ్చిపాలు తగిలినా ఒళ్లు అలాగే దద్దుర్లెక్కుతుంది. పైగా అది ఎండకు ఆరే రకం కాదు, గాలిలో తేమ ఉంటేనే గట్టిపడుతుంది. అందుకే చెమ్మ గదిలో పెట్టి, పూత ఆరాక నునుపు చేసి, మళ్లీ పూస్తారు. చెక్కడపు పనికైతే వంద పూతలు దాటడమూ ఉంది. అంత మందం వచ్చాకే ఉలి పెడతారు. నెలల తరబడి సాగే ఓపిక అది.

మన లక్క మాత్రం చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టేది. అది వేడికి కరుగుతుంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఒత్తిపెడతారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. వెంటనే మొగలి ఆకుతో అదిమితే అద్దంలా మెరుస్తుంది. తిరిగే కర్ర మీద పని కాబట్టే మన లక్కపిడతలు, భరిణెలు గుండ్రంగా, రంగుల వలయాలతో ఉంటాయి. నిమిషాల్లో అయ్యే పూత కదా అని దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. ఆ నిమిషాల్లో చెయ్యి తడబడితే దిద్దుకునే వీలుండదు. ఈ పనిలో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి పాటుపడిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది.

చైనా తెరలకు మన తీరంతోనూ ఒక చుట్టరికముంది. 17వ శతాబ్దం చివరి నుంచి, తరచూ 12 రెక్కలతో ఉండే పెద్ద తెరలు కోరమాండల్ రేవుల మీదుగా ఐరోపాకు వెళ్లాయి. చేసింది చైనాలో, పేరు మాత్రం ‘కోరమాండల్ తెరలు’. నల్లటి లక్క పూతను బొమ్మల ఆకారంలో తొలిచి, ఆ గుంటల్లో రంగులు నింపడం వాటి పనితనం.

ఇంట్లో ఇలాంటి వస్తువులుంటే చైనా లక్కను నేరుగా ఎండ తగలనివ్వకండి, వెలుగుకు మెరుపు చస్తుంది. మన లక్కపిడతను పొయ్యికి దూరంగా పెట్టండి.