నెట్ పోయినా వైఫై పోదు

ఫోనులో వీడియో ఆగి గుండ్రంగా తిరగడం మొదలవగానే "వైఫై పోయింది" అంటాం. చాలాసార్లు వైఫైకి ఏమీ కాదు. ఫోనుకూ రూటరుకూ మధ్య రేడియో సంబంధం బాగానే ఉంటుంది, తెగేది రూటరుకు అవతల, వీధిలో. ఇంట్లో నాస్ ఉన్నవాళ్లకు ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది. నాస్ అంటే హార్డ్ డిస్కులు పెట్టుకుని, రూటరుకు తగిలించి, ఇంటిల్లిపాదీ ఫొటోలూ సినిమాలూ దాచుకునే పెట్టె. వీధి చివర ఫైబరు తెగిన రోజున కూడా అందులోని పెళ్లి వీడియో టీవీలో హాయిగా ఆడుతుంది. ఇంటి నెట్‌వర్కు ఒకటి, బయటి ఇంటర్నెట్ ఇంకొకటి. తేడా వచ్చినప్పుడు ముందుగా ఈ రెంటిలో ఏదో తేల్చుకోవాలి.

బయటి సంగతి ఫైబరు డబ్బా మీది దీపాలు చెబుతాయి. 'ఎల్‌ఓఎస్' అని రాసి ఉన్నచోట ఎర్రగా మిణుకుమంటుంటే డబ్బాకు వెలుగే అందడం లేదని అర్థం. అప్పుడు రూటరును ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు. డబ్బా వెనకున్న సన్న తీగ టీవీ స్టాండుకూ గోడకూ మధ్య నలిగిందేమో చూడండి. ఫైబరు మరీ వంగినచోట లోపలి కాంతి బయటికి కారిపోతుంది. ఆ తీగ చివరి ప్లగ్గు రంగు కూడా గమనించండి. ఆకుపచ్చదైతే లోపలి గాజు కొనను 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటారు. నీలం ప్లగ్గులో ఆ వాలు ఉండదు. ఒకదాని చోట ఇంకొకటి పెడితే దూరుతుంది గానీ, కొనలు సరిగ్గా కలవక వెలుగు వృథా అవుతుంది.

2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తన తీగను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. తక్కువ ఖర్చుతో పల్లెలకు చేరడానికి అది మంచి దారి. అయితే గాలివానకు స్తంభం కూలితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి.

ఇక ఇంటి లోపలికి వద్దాం. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నంతసేపూ పక్క గదిలో వైఫై నత్తనడక నడవడం చాలామంది చూసే ఉంటారు. రెండూ 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలోనే పనిచేస్తాయి, ఓవెన్ తలుపు సందుల్లోంచి కారే కొద్దిపాటి తరంగాలే రూటరుకు పెద్ద గోల. ఇది యాదృచ్ఛికం కాదు. 1985లో అమెరికా నియంత్రణ సంస్థ ఓవెన్ల వంటి యంత్రాలకు వదిలేసిన తరంగాల మేరను లైసెన్సు లేకుండా సమాచారానికీ వాడుకోవచ్చంది. ఎవరికీ అక్కర్లేని ఆ మేరలోనే వైఫై పుట్టింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్‌కు లైసెన్సు బెడద తొలగింది 2005 జనవరిలో.

గదిలో వైఫై తరంగం ఫోనుకు తిన్నగా ఒక్కసారే చేరదు. గోడకూ కప్పుకూ బల్లకూ తగిలి, రవ్వంత తేడాతో పదేపదే చేరి, ఒకదాని మీద ఒకటి పడి చెదిరిపోతుంది. ఆ చెదిరిన సంకేతాన్ని కూర్చే దారి చూపింది ఎవరో తెలుసా? ఖగోళం మీద పనిచేసినవాళ్లు. తర్వాతి కాలంలో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలో పనిచేసిన జాన్ ఓ'సలివన్ 1970ల్లో పేలిపోయే చిన్న కృష్ణబిలాల రేడియో సంకేతాల కోసం వెతికారు. అవి దొరకలేదు. ఆ వెతుకులాటలో అలవడిన గణితాన్ని 1990ల్లో ఆయన బృందం గదిలోని ప్రతిధ్వనుల మీద ప్రయోగించింది. 1996లో అమెరికా పేటెంటు వచ్చింది. తర్వాత కోర్టుల్లో పోరాడి ఆ సంస్థ పెద్ద పెద్ద కంపెనీల నుంచి 43 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల పైచిలుకు రాబట్టుకుంది. ఆకాశంలో దొరకనిది ఇంటింటా ఉపయోగపడిన ఈ కథ నాకు ఎప్పుడు తలుచుకున్నా ఉత్సాహాన్నిస్తుంది.

వైఫై చాలా దూరమూ పోగలదు. 2007లో వెనెజులాలో ఎర్మానో పియెట్రోసెమోలి అనే ఆయన రెండు కొండల మధ్య 382 కిలోమీటర్ల దూరం వైఫైని పంపి చూపించారు. మన దగ్గరా ఇలాంటి ప్రయత్నం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలకు బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరిట ఎత్తైన టవర్ల మీద డిష్ యాంటెన్నాలు పెట్టి, వైఫై పరికరాలతోనే వైద్యం, చదువు చేరవేసింది. మరి మన ఇంట్లో మూడో గదికి ఎందుకు చేరదు? అక్కడ ఎదురెదురుగా చూసుకునే డిష్‌లు, మధ్యలో ఖాళీ గాలి. ఇక్కడ ఇనుప చువ్వల స్లాబు, గోడలు, ఇనుప బీరువా, నీళ్ల డ్రమ్ము. నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది, లోహం వెనక్కి కొడుతుంది. నిలువుటద్దం వెనక పూత కూడా లోహమే. రూటరును టీవీ వెనకో బీరువా పైనో పెట్టడం అందుకే తప్పు. యాంటెన్నా దిశ కూడా ముఖ్యమే. నిలబెట్టిన కడ్డీ చుట్టూ తరంగాలు గారె ఆకారంలో పరుచుకుంటాయి, కడ్డీ కొన వైపు చిల్లు. అంటే నిటారుగా ఉన్న యాంటెన్నా అదే అంతస్తుకు బాగా పనిచేస్తుంది, సరిగ్గా నెత్తి మీదున్న పై గదికి కాదు. పైకి కావాలంటే, రూటరుకు రెండు యాంటెన్నాలుంటే ఒకదాన్ని పడుకోబెట్టి చూడండి.

కరెంటు పోయి వచ్చాక ఫోనులో 2.4 గిగాహెర్ట్‌జ్ నెట్‌వర్కు పేరు వెంటనే కనిపించి, 5 గిగాహెర్ట్‌జ్ పేరు మాత్రం ఆలస్యంగా రావడం రూటరు జబ్బు కాదు. ఆ మేరలో కొన్ని ఛానెళ్లను వాతావరణ రాడార్లు కూడా వాడుకుంటాయి. రూటరు నోరు విప్పే ముందు ఒక నిమిషం, కొన్ని ఛానెళ్లలో 10 నిమిషాలు, రాడారు ఉందేమో వినాలన్నది నియమం. తొందరగా కావాలంటే ఛానెల్‌ను 36కు మార్చుకుంటే సరి. 2.4లో అయితే 1, 6, 11 ఛానెళ్లే ఒకదానితో ఒకటి తగలవు. 3నో 4నో ఎంచుకుంటే రెండు వైపులా ఉన్న పొరుగువాళ్ల గొడవా మీకే.

నాస్ కొనకముందు చాలామంది చేసే పని, ఉన్న రూటరు వెనక యూఎస్‌బీ రంధ్రానికి పోర్టబుల్ హార్డ్ డిస్కు తగిలించడం. తగిలించిన రోజు నుంచే ఇంట్లో వైఫై కుంటుతుంది, కారణం మాత్రం అంతుపట్టదు. 2012లో ఇంటెల్ ఒక సాంకేతిక పత్రంలో దీని గుట్టు విప్పింది. యూఎస్‌బీ 3 తీగలో డేటా పరుగెత్తే వేగానికి పుట్టే విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్‌జ్ దాకా వ్యాపిస్తుంది. డిస్కు, దాని పొట్టి కేబులు, రూటరు యాంటెన్నా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ రొద నేరుగా వైఫై చెవిలో పడుతుంది. మందు సులువే: రొద బయటికి రాకుండా మంచి తొడుగున్న, కాస్త పొడవాటి కేబులు వేసి డిస్కును దూరంగా పెట్టడం, లేదా రూటరు సెట్టింగుల్లో ఆ రంధ్రాన్ని యూఎస్‌బీ 2 వేగానికి దించడం. 5 గిగాహెర్ట్‌జ్‌కు ఈ ఇబ్బంది లేదు. డిస్కు టిక్కుటిక్కుమంటూ మాటిమాటికీ ఆగుతుంటే మాత్రం అది వేరే సంగతి, రూటరు అడాప్టరు డిస్కుకు చాలినంత కరెంటు ఇవ్వలేకపోతుండవచ్చు.

నాస్ కొన్నవాళ్లకు ఇంకో అంకె గుర్తుండాలి: 11. కాపీ చేస్తున్నప్పుడు వేగం సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే, డిస్కును అనుమానించకండి. ఎక్కడో ఒక తీగ 100 మెగాబిట్ల దగ్గర ఇరుక్కుపోయింది. గిగాబిట్ కేబులైతే అదే కాపీ 110 దాటుతుంది. లాన్ కేబులు ప్లగ్గును వెలుతురులో పెట్టి చూస్తే పారదర్శకమైన ప్లాస్టిక్కులో ఎనిమిది తీగలు వరుసగా కనిపిస్తాయి. 100 మెగాబిట్లకు నారింజ జత, ఆకుపచ్చ జత చాలు. గిగాబిట్‌కు నీలం, గోధుమ జతలు కూడా కావాలి. గోధుమ తీగ ఒక్కటి లోపల విరిగినా చాలా పరికరాలు ఫిర్యాదు చేయకుండా వేగం తగ్గించుకుని పనిచేస్తూ పోతాయి. కొన్ని ఇళ్లలో కేబులు లాగినవాళ్లు నాలుగు తీగలే బిగించి వెళ్లిపోతారు. ప్లగ్గులో నాలుగే కనిపిస్తే, ఎంత ఖరీదైన నాస్ పెట్టినా వేగం రాదు. గోడలో దాచే కేబులు మీద డబ్బు ఆదా చేయవద్దని నేను గట్టిగా చెబుతాను, తర్వాత దాన్ని మార్చడమంటే గోడ పగలగొట్టడమే.

పాత రూటరులోని ఫోల్డరు నిన్నటిదాకా కనిపించి, కొత్త లాప్‌టాపులో కనిపించకపోవడానికి వెనక ప్రపంచమంతా వణికిన ఒక సంఘటన ఉంది. 2017 మేలో వన్నాక్రై వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడింది 1980ల నాటి ఫైళ్ల పంపకపు పద్ధతి ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం గుండా. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఆ పాత వెర్షన్‌ను కొత్తగా ఎక్కించడం మానేశారు. పాత రూటర్లకు అదొక్కటే వచ్చు. విండోస్‌లో దాన్ని మళ్లీ తెరవమని యూట్యూబ్ వీడియోలు చెబుతాయి. తెరవకండి. రూటరు సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చిందేమో చూడండి, లేకుంటే ఆ రూటరును నిల్వ పనికి వాడటం మానేయండి.

ఇంటింటా రూటర్లకు 192.168తో మొదలయ్యే నంబర్లే ఎందుకు? 1990ల్లో ఆ వరుసను ఇళ్లూ ఆఫీసుల లోపలి వాడకానికే వదిలేశారు. మీ రూటరూ పక్కింటి రూటరూ రెండూ 192.168.1.1 అయినా తగువు రాదు, ఎందుకంటే ఆ నంబరు గడప దాటదు. చిక్కు వచ్చేది గడప దాటాలనుకున్నప్పుడు. డాలస్‌లో ఉన్న అమ్మాయి హైదరాబాదు ఇంట్లో నాస్‌లోని ఫొటోలు చూడాలనుకుంటుంది, పోర్టు ఫార్వర్డింగ్ అంతా సరిగ్గా పెట్టినా తలుపు తెరుచుకోదు. రూటరు పేజీలో వాన్ (బయటి వైపు) అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కారణం అదే. నంబర్ల కొరత వల్ల నెట్ కంపెనీ ఒకే బయటి నంబరును ఎందరో ఖాతాదారులకు పంచుతోంది. మీ ఇంటికంటూ బయటి నంబరు లేదు. కంపెనీని స్థిర అడ్రసు అడగడం ఒక మార్గం, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకోవడం ఇంకో మార్గం. కంపెనీ డబ్బా వెనక మీ సొంత రూటరు కూడా పెట్టుకున్నారా? అలాంటప్పుడు రెంటిలో ఒకదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోనో యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనో పెట్టాలి. లేకుంటే టీవీ ఒక రూటరు కింద, నాస్ ఇంకో రూటరు కింద ఉండి ఒకదానికొకటి కనిపించవు.

వీపీఎన్ అనడానికి కారణముంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ముఠా ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ నాస్‌లలోకి దూరి, ఫైళ్లకు తాళం వేసి, 0.03 బిట్‌కాయిన్ కట్టమంది. ఎవరి ఫొటోలు వాళ్లకే దక్కకుండా పోయాయి. రూటరులో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే నాస్ మీకు చెప్పకుండానే తలుపు తెరుచుకోగలదు. దాన్ని ఆపేయండి.

నాలుగు టెరాబైట్ల డిస్కు కొంటే కంప్యూటరు 3.63 అని చూపిస్తుంది. దుకాణదారు మోసం చేయలేదు. తయారీదారు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి.

రెండు డిస్కుల్లో ఒకే సమాచారం రాసే పద్ధతి రైడ్ 1. 1988లో బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పత్రంతో రైడ్ అన్న మాట స్థిరపడింది. ఒక డిస్కు చచ్చినా పని ఆగకుండా ఉండటం దాని ఉద్దేశం. పొరపాటున ఒక ఫోల్డరు చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. అందుకే రైడ్ ఉంది కదా అని బ్యాకప్ మానడం ప్రమాదం. 1998లో పిక్సార్‌లో 'టాయ్ స్టోరీ 2' ఫైళ్లను ఒక తప్పు ఆదేశం వరసగా చెరిపేసింది, స్టూడియో బ్యాకప్ కూడా పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. కాన్పు తర్వాత ఇంటి నుంచి పనిచేస్తున్న సాంకేతిక దర్శకురాలు గేలిన్ సస్మన్ ఇంటి కంప్యూటరులోని ప్రతి సినిమాను గట్టెక్కించింది.

మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఇంటి బయట అని నాస్ వాడేవాళ్లు పాటించే లెక్క అందుకే. మూడోది పెద్ద ఖర్చేమీ కాదు. నాస్‌లోని ఫొటోలను యూఎస్‌బీ డిస్కులోకి పాస్‌వర్డు పెట్టి కాపీ చేసి, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మావాళ్ల బీరువాలో పెట్టండి, నిరుడు పెట్టిన డిస్కును వెనక్కి తెచ్చుకోండి. తెచ్చిన డిస్కును లాప్‌టాపుకు తగిలించి ఒక పాత ఆల్బం పూర్తిగా తెరిచి చూడండి. ఆ తర్వాతే దాని మీద కొత్తవి ఎక్కించండి.