కందిలో పలు మంచి గుణములు ఒక్క రకములో చేరుట ఎట్లు?



నల్లమల, వెలిగొండల నడుమనున్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో వర్షాధారపు పైర్లలో కంది ముఖ్యమైనది. క్రొత్త రకము పేరు చెప్పగానే రైతు అడుగు మొదటి ప్రశ్న, "ఎకరాకు ఎన్ని బస్తాలు పండును?" అనునది. ఈ ప్రశ్న సహజమే గాని చాలదు. తెగులు సోకిన చేనిలో ఎంత మంచి దిగుబడి రకమైనను పూత, కాత దశలలో నిలువునా ఎండిపోవును. అప్పుడు బస్తాల లెక్క కాగితము మీదనే మిగులును.

కందికి రెండు తెగుళ్లు ప్రబల శత్రువులు. మొదటిది ఎండు తెగులు. దీనిని కలుగజేయు శిలీంధ్రము భూమిలోను, పాత మోళ్లలోను కొన్ని సంవత్సరములు బ్రతికి యుండి, వేళ్ల ద్వారా మొక్కలో ప్రవేశించును. ఎండిన మొక్క కాండముపై బెరడు ఒలిచి చూచినచో నల్లని చారలు కనబడును. రెండవది వెర్రి తెగులు. దీనినే గొడ్డుమోతు తెగులు అందురు. ఇది కంటికి కానరాని నల్లి ద్వారా వ్యాపించు వైరస్ తెగులు. మొక్క గుబురుగా పెరుగును గాని పూయదు, కాయదు.

1986లో విడుదలయిన మారుతి (ఐ.సి.పి. 8863) రకము ఎండు తెగులును బాగుగా తట్టుకొన్నది. కాని వెర్రి తెగులునకు లొంగిపోయినది. ఒక తలుపు మూసి రెండవ తలుపు తెరచి యుంచినట్లయినది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ రూపొందించగా 1993లో విడుదలయిన ఆశ (ఐ.సి.పి.ఎల్. 87119) రకములో ఈ రెండు తెగుళ్లను తట్టుకొను శక్తియు, మంచి దిగుబడియు చేరినవి.

ఇట్లు చేర్చుట ఏల కష్టము? రెండు రకములను సంకరపరచినపుడు రెండవ తరములో ఒక గుణము స్థిరముగా కుదిరిన మొక్క సగటున 4 మొక్కలలో 1 దొరకును. రెండు గుణములు కావలెనన్న 16లో 1. మూడు కావలెనన్న 64లో 1. అయిదు కావలెనన్న 1,024లో 1. ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క జన్యువే ఆధారమై, అవి విడివిడిగా సంక్రమించినప్పటి లెక్క యిది. దిగుబడికి అనేక జన్యువులు కారణములు గనుక అసలు పని ఇంకను కఠినము. కోరిక పెరిగినకొలది ఏరుకొనుటకు మిగులు మొక్కలు తగ్గును.

తట్టుకొను శక్తిని కనుగొనుటకు శాస్త్రజ్ఞులు తెగులును తామే పెంచుదురు. ఎండు తెగులు మోళ్లను కలియదున్ని "రోగపు మడి" తయారుచేసి, అందు విత్తనము వేసి, బ్రతికిన మొక్కలనే ఏరుదురు. వెర్రి తెగులు పరీక్షకు నల్లి యున్న ఆకులను లేత మొక్కల ఆకులకు పిన్నులతో కుట్టుదురు.

మొక్కలను ఏరుటకు మూడు పద్ధతులు కలవు. ఒకటి, ఒక గుణము కుదిరిన పిదప మరియొక దానికై ప్రయత్నించుట; దీనికి కాలము చాల పట్టును. రెండవది, పరీక్షలో ప్రతి పాఠమునకు ఉత్తీర్ణతా మార్కులున్నట్లు, ప్రతి గుణమునకు ఒక కనీస హద్దు పెట్టుట. మూడవది, గుణముల విలువను బట్టి మార్కులు వేసి మొత్తము చూచుట. మూడవ పద్ధతి మేలైనదని, దాని తరువాతిది రెండవదని 1942లో అమెరికా శాస్త్రజ్ఞులు హేజెల్, లష్ లెక్కలతో చూపిరి. అయితే చేనిని తుడిచిపెట్టు తెగులు విషయములో మొత్తము మార్కులు పనికిరావు. అందు ఉత్తీర్ణత తప్పదు.

మీరును రకమును ఇట్లే ఎన్నుకొనవచ్చును.

1. గత సంవత్సరములలో మీ చేనిలో మొక్కలు ఎండినవా, పూయక గొడ్డుపోయినవా గుర్తుచేసికొనుడు. ఆ తెగులును తట్టుకొనని రకమును, ఎంత పండునన్నను, మొదటనే విడువుడు.

2. నేలకు తగిన కాలపరిమితి చూడుడు. సుమారు 180 దినముల రకము తేలిక ఎర్ర నేలలో కాయ ఊరు సమయమునకు బెట్టకు గురి కావచ్చును. లోతైన నల్ల నేల తేమను ఎక్కువ కాలము నిలుపును.

3. ఈ రెండింట నెగ్గిన రకములలోనే దిగుబడిని, పప్పు నాణ్యతను పోల్చుడు.

4. క్రొత్త రకమును మొదటి సంవత్సరము కొద్ది చాళ్లలో, మీ పాత రకము ప్రక్కనే వేసి చూడుడు.

5. తేనెటీగల వలన కందిలో పరపరాగ సంపర్కము జరుగును. ప్రక్క చేనిలో వేరు రకమున్నచో మీ విత్తనము కల్తీయై తట్టుకొను శక్తి క్రమముగా తగ్గును. విత్తనమునకై వేసిన చేనికి, ఇతర కంది చేలకు కనీసము 100 మీటర్ల దూరముండవలెను. వేరు లక్షణములున్న మొక్కలను పూతకు ముందే పెరికివేయవలెను.

ఆశ వంటి రకమునకును శనగపచ్చ పురుగు బెడద తప్పలేదు; సస్యరక్షణ మానరాదు. వెర్రి తెగులు వైరస్‌లో ఒకటి కంటె ఎక్కువ తెగలుండుటచే ఒక చోట నిలిచిన రకము వేరొక చోట లొంగవచ్చును. సర్వగుణములు గల రకము ఏదియు లేదు. మీ చేనికి తప్పనిసరియైన గుణములేవో ముందు తేల్చుకొని, అవి యున్న రకమును వేయుడు.