మన జీపు చేసిన ధ్వని



ఈ సంవత్సరపు పాఠశాల లెక్కలలో “జీపు మరమ్మతు” అను పద్దు మీకు కనబడియుండును. ఆ సొమ్ము మీరిచ్చిన చందాలలోనిది. అది దేనికి వ్యయమైనదో తెలుపుట నా విధి. అదిగాక, మీలో పలువురు ఈ కొండదారులలో ఇట్టి బండ్లను నడుపుకొని జీవించువారు. మాకు తెలిసివచ్చిన సంగతి మీకును ఉపకరింపవచ్చును.

మన జీపు పాతది. అమెరికా సైన్యము కొఱకు 1941లో విల్లీస్ కంపెనీ తయారుచేయ నారంభించిన జీపు సంతతికి చెందినది. మన దేశమున మహీంద్రా వారు ఆ జాతి బండ్లను కూర్చ మొదలిడిరి. నాలుగు చక్రములకును బలమందింపవలసిన ఇట్టి బండిలో గేరు బాక్సు వెనుక మఱియొక చిన్న పెట్టె యుండును. దానిని ట్రాన్స్‌ఫర్ కేసు అందురు. ఒక కాలువ నీరు తూముకడ రెండు పాయలైనట్లు, ఇంజను బలము ఇచట చీలి ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును పోవును. డ్రైవరు ప్రక్కనుండు రెండు చిన్న లీవర్లలో ఒకటి ముందు ఇరుసును కలుపును; రెండవది హై గేరునో, ఎక్కుడుకు వలసిన లో గేరునో వేయును. పెట్టె లోపల బలమును అందుకొను పండ్ల చక్రమునకును, వెలుపలికి పంపు చక్రములకును నడుమ ఒక చక్రము గలదు. అది సూదులవంటి సన్నని రోలర్లపై తిరుగును. మన జీపు ఏ గేరులో కదలినను భారమంతయు ఈ నడిమి చక్రము మీదుగనే పోవలయును.

2024 ఆగస్టులో మన డ్రైవరు నాతో, “మాస్టారూ, బండి కింద ఏదో ఏడుస్తున్నట్టుంది” అని చెప్పెను. పాతబండి మూలుగక మానునా యంటిని. వారము దాటిన పిమ్మట మరల చెప్పెను. పరీక్షలు కానిమ్మంటిని. ఒక వానరాత్రి వసతిగృహమునందలి బాలునికి జ్వరము తీవ్రముకాగా, వానిని ఆసుపత్రికి గొనిపోవుచుంటిమి. ఎక్కుడులో లో గేరు తనంతట తానే ఊడిపోయెను. బండి వెనుకకు జారెను. డ్రైవరు వెంటనే బ్రేకు త్రొక్కి నిలిపెను. బాలుడు క్షేమముగ ఆసుపత్రి చేరెను గాని, ఆ నాలుగడుగుల జారుపాటును నేటికిని మరువజాలకున్నాను.

మఱునాడు చూపించిన మొదటి వర్క్‌షాపువారు పెట్టెనే పూర్తిగ మార్చవలెననిరి. అంత ధనము మనకు లేదు. అపుడొక వృద్ధ మెకానిక్కు, “ముందు చప్పుడెక్కడిదో తెలియనిండి” అనెను. ఆయన చేసిన పరీక్షలు వరుసగ వ్రాయుచున్నాను.

మొదట టైర్లు. రోడ్డు మారినపుడు ధ్వనియు మారినచో అది టైర్లది కావచ్చును. నాలుగు టైర్లును ఒకే కొలతవి కానిచో, ఫోర్ వీల్ వేసినపుడు ఇరుసులు ఒకదానితో నొకటి పెనుగులాడును.

రెండవది ఆయిలు. సమతలమున నిలిపి ప్రక్క బిరడా విప్పినచో, ఆయిలు రంధ్రపు క్రింది అంచువఱకు ఉండవలెను. మన బండిలో వ్రేలికి అందలేదు. కారిన కొలది ఆయిలులో వెండిపొడివంటి లోహపు రజను మెఱసెను.

మూడవది ప్రొపెల్లర్ షాఫ్టు. చేతితో త్రిప్పిచూడగా యూజే క్రాసులలో వదులు లేదు.

నాలుగవది ముఖ్యము. చక్రములకు ఎదురురాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రలులో ఉంచి ఇంజను నడిపెను. గేరు బాక్సు న్యూట్రలులో నున్నపుడు ధ్వని లేదు. మూడవ గేరు వేయగనే క్రింద నుండి ఏడ్పు వినవచ్చెను. బండి కదలలేదు, చక్రములు తిరుగలేదు. కనుక దోషము టైర్లలో గాని ఇరుసులలో గాని లేదనియు, ట్రాన్స్‌ఫర్ కేసు ముందుభాగమున గలదనియు తేలినది.

పిదప ఆయిలు వంపి, వెనుక బ్రేకు డ్రమ్మును, క్రింది మూతను విప్పి, నడిమి చక్రపు షాఫ్టును వెలికి తీసిరి. అద్దమువలె నుండవలసిన షాఫ్టుపై గోటికి తగులు గాళ్లు పడియుండెను. చక్రపు పండ్లు మాత్రము చెడలేదు. షాఫ్టు అరుగుటచే చక్రము ప్రక్కకు ఒరిగి పండ్లు సరిగ కలియకుండెను. ఏడ్పునకును, గేరు ఊడుటకును అదియే మూలము. షాఫ్టు, నీడిల్ బేరింగులు, త్రస్టు వాషర్లు, ఆయిలు కారుటకు కారణమైన సీలు, ప్యాకింగులు మార్చి, 90 నంబరు గేరాయిలు నింపిరి. మన బండిలో గేరు బాక్సునుండి ఈ పెట్టెకు ఆయిలు ప్రాకుచుండును గనుక రెండింటి మట్టమును చూచిరి. పెట్టె మార్చనక్కఱ లేకపోయెను.

ఇప్పటికిని కొంత హోరు గలదు. పండ్ల చక్రములతో నడచు పాత బండికది సహజము. క్రొత్త బండ్లు పెక్కింటిలో చక్రములకు బదులు గొలుసుండును. అది సాగినచో పెట్టెను కొట్టుకొని గలగలలాడును. వానికి కంపెనీ చెప్పిన ఆయిలే పోయవలెను. మన జీపువంటి బండ్లలో మఱియొక జాగ్రత్త గలదు: పొడి తారురోడ్డుపై ఫోర్ వీల్ వేసి నడుపరాదు, మలుపులలో ముందు వెనుక ఇరుసులు సమానముగ తిరుగజాలక పండ్లపై బిగువు పెరుగును.

ఇందులో డ్రైవరు తప్పులేదు. ఆతడు రెండుమార్లు చెప్పెను, నేను వినలేదు. నెలకొకమారు బిరడా విప్పి చూచియుండినచో ఇంత వ్యయమును, ఆ రాత్రి భయమును తప్పెడివి. ఇకపై ప్రతి నెల మొదటి శనివారము ఆయిలు చూచి పుస్తకమున వ్రాయుచున్నాము. ఆ పుస్తకము నా బల్లపైననే యుండును; మీరెవరైనను వచ్చి చూడవచ్చును.