జనరేటర్ కంట్రోలర్‌లో నిర్వహణ హెచ్చరికలు, లోప సంకేతాలు: రాయలసీమ పరిస్థితుల దృష్ట్యా ఒక పరిశీలన

బేతంచెర్లలో నాపరాళ్లకు మెరుగుపెట్టే యూనిట్‌లోను, కర్నూలులోని ఒక ఆసుపత్రిలోను ఒకే సామర్థ్యం గల డీజిల్ జనరేటర్లు ఉన్నాయనుకుందాం. రెండింటి కంట్రోలర్లలోను 250 గంటలకు ఒకసారి ఇంజనాయిల్ మార్చాలన్న అమరికే ఉన్నది. రాతి యూనిట్‌లో జనరేటర్ రోజుకు 2 గంటలు నడిస్తే 125 రోజులకు హెచ్చరిక వస్తుంది. ఆసుపత్రిలో సరఫరా సక్రమంగా ఉండి, వారానికి 10 నిమిషాలు పరీక్షకు మాత్రమే నడిపితే ఏడాదికి 9 గంటలైనా పూర్తికావు. అదే హెచ్చరికకు దాదాపు 29 ఏళ్లు పడుతుంది. అంతవరకు తెరపై ఏ లోపమూ కనిపించదు. ఇంజను నడవకపోయినా ఆయిల్ గుణం తగ్గుతుంది, బ్యాటరీ బలహీనపడుతుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర వరద కర్నూలును ముంచెత్తింది. జనరేటర్ అవసరం అటువంటి రోజున, ముందు చెప్పకుండానే వస్తుంది.

కనుక అత్యవసర జనరేటర్‌కు గంటల లెక్క ఒక్కటే చాలదు. డీఎస్‌ఈ 7320 వంటి కంట్రోలర్లలో నడిచిన గంటలతోపాటు క్యాలెండరు గడువును కూడా నమోదు చేయవచ్చు. ఏది ముందు పూర్తయితే దానికి హెచ్చరిక వస్తుంది. ఆ గడువులను ఇంజను తయారీదారు సూచనల నుండే తీసుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ విషయంలో మాత్రం ఈ రెండు లెక్కలూ సరిపోవు. బేతంచెర్ల రాతిపొడిలోను, ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాల పరిసరాల్లోను ఫిల్టర్ గడువుకు ముందే పూడుకుపోవచ్చు. ఫిల్టర్ తరువాతి పీడనం తగ్గుదలను గుర్తించే స్విచ్‌ను కంట్రోలర్‌కు కలిపితే, తేదీతో పని లేకుండా ఫిల్టర్ స్థితినిబట్టే హెచ్చరిక వస్తుంది.

లోప సంకేతాలు సాధారణంగా మూడు స్థాయిలు. హెచ్చరిక వచ్చినా జనరేటర్ నడుస్తూనే ఉంటుంది. ఎలక్ట్రికల్ ట్రిప్‌లో ముందు లోడు తొలగుతుంది. ఇంజను కొంతసేపు ఖాళీగా నడిచి, చల్లబడి ఆగుతుంది. షట్‌డౌన్‌లో వెంటనే ఆగిపోతుంది. ఏ లోపాన్ని ఏ స్థాయిలో ఉంచాలన్నదే అమరికలో అసలు నిర్ణయం. ఇంధనం తగ్గుదల హెచ్చరికగా ఉంటే చాలు. ఆయిల్ పీడనం పడిపోతే షట్‌డౌన్ తప్పదు. అయితే ఇంజను మొదలైన తొలి క్షణాల్లో పీడనం ఇంకా ఏర్పడదు కనుక, ఆ పరిశీలనకు కొన్ని సెకన్ల జాప్యం ఇవ్వాలి. ఆయిల్ పీడన స్విచ్ సాధారణంగా ఇంజను ఆగి ఉన్నప్పుడు మూసుకొని, పీడనం రాగానే తెరుచుకుంటుంది. దాని తీగ తెగితే కంట్రోలర్‌కు 'పీడనం బాగున్నది' అనే భ్రాంతి కలుగుతుంది. ఇంజను ఆగి ఉండగానే ఆ స్విచ్‌ను పరీక్షించే అమరిక ఉంటే ఈ మోసం బయటపడుతుంది.

కడప, కర్నూలు ప్రాంతాల్లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. కూలెంట్ వేడి హెచ్చరిక మాటిమాటికీ వస్తుంటే పరిమితిని పెంచి శబ్దం మాన్పించాలనిపించడం సహజమే. అది సరైన పరిష్కారం కాదు. ముందు చూడవలసినది దుమ్ముతో పూడిన రేడియేటర్ రెక్కలను, వేడిగాలి తిరిగి గదిలోకే చేరుతున్నదా అన్న విషయాన్ని. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సర్ గాలిలో మిగిలిపోయి తక్కువ వేడిని చూపవచ్చు. అందువల్ల కూలెంట్ మట్టాన్ని గుర్తించే స్విచ్ వేరుగా ఉండవలసిందే.

నిర్వహణ హెచ్చరికను రీసెట్ చేసే పాస్‌వర్డు పని చేసినవారి పై అధికారి వద్ద ఉండాలని నా అభిప్రాయం. అది అందరికీ తెలిసినచోట, ఆయిల్ మారకుండానే లెక్క సున్నా నుండి మళ్లీ మొదలవుతుంది. కంట్రోలర్ గడియారం సరిగా లేకపోతే క్యాలెండరు గడువూ తప్పుతుంది, లోపాల చిట్టాలోని వేళలకూ విలువ ఉండదు.

తెరపై ఆంగ్లంలో వచ్చే ప్రతి సందేశానికి అర్థాన్ని, చేయవలసిన మొదటి పనిని తెలుగులో రాసి ప్యానెల్ పక్కన అంటించాలి. రాత్రివేళ సాధారణంగా అక్కడ ఉండేది ఇంజనీరు కాదు, కాపలాదారు. అమరిక పూర్తయ్యాక అతడిని తన చోటనే కూర్చోబెట్టి, ఒక్కొక్క లోపాన్నీ కృత్రిమంగా కల్పించి, హూటర్ మోత అక్కడికి వినిపిస్తున్నదో లేదో చూడాలి.