కోడి రెట్ట మీది తెల్లపూత

కోడికి మూత్రం విడిగా రాదు. ఆవూ మేకా యూరియాను నీళ్లలో కలిపి పోసేస్తాయి. పక్షి మాత్రం ఒంట్లో మిగిలిన నత్రజనిని యూరికామ్లంగా మార్చి రెట్టతో కలిపే వదిలేస్తుంది. రెట్ట కొసన కనిపించే తెల్లపూత అదే. ఎండి ఉన్నంతకాలం దానివల్ల పెద్ద బాధ లేదు. తడి తగిలిందా, నేల మీద పరిచిన ఊకలోని, అంటే లిట్టర్‌లోని, బ్యాక్టీరియా దాన్ని విడగొట్టి అమ్మోనియాగా మార్చేస్తాయి. తెల్లవారి షెడ్డు తలుపు తీయగానే కళ్లు మండించేది ఆ వాయువే.

గాలిలో పది లక్షల భాగాల్లో 25 భాగాలకు మించి అమ్మోనియా ఉండకూడదన్నది కోళ్ల పెంపకంలో సాధారణంగా పాటించే హద్దు. అది దాటితే కోడి శ్వాసనాళంలో దుమ్మునూ క్రిములనూ బయటికి నెట్టే సన్నటి నూగు దెబ్బతింటుంది. ఇక దగ్గూ గురకా మొదలు. తంటా ఏమిటంటే, రోజూ షెడ్డులో తిరిగే మనిషి ముక్కు ఆ ఘాటుకు అలవాటు పడిపోతుంది. ఇంటికొచ్చిన చుట్టం ముక్కు మూసుకుంటే ఆయన మాటే నమ్మాలి. నిలబడి వాసన చూసినా లాభం లేదు. కోడి తల ఎత్తుకు వంగి చూడాలి, ఎందుకంటే అది పీల్చేది ఆ గాలిని.

కాబట్టి గూట్లో అసలు గొడవ కంపుతో కాదు, తడితో. లిట్టర్‌లో తేమ 20–25 శాతం దగ్గర ఉంటే చాలు. కొలవడానికి పరికరం అక్కర్లేదు. గుప్పెడు ఊక తీసి గట్టిగా పిసికి అరచెయ్యి తెరవండి. ముద్ద అలాగే నిలిచిపోతే తడి ఎక్కువ. అసలు ముద్దే కట్టకుండా పొడిపొడిగా రాలిపోతే మరీ ఎండింది, దుమ్ము లేస్తుంది. ముద్ద కట్టి, వేలు తగలగానే విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. తడెక్కువైన చోట పైకి చూస్తే కారణం దొరుకుతుంది: కారుతున్న నిపుల్, కోడి వీపుకన్నా కిందకు దిగిన డ్రింకర్, జల్లు కొట్టే వైపు పరదా లేకపోవడం. మేతలో ఉప్పు ఎక్కువైనా కోళ్లు నీళ్లు ఎక్కువ తాగి పలచగా రెట్ట వేస్తాయి. వీటిని సరిచేయకుండా సువాసన ద్రావణాలు కొట్టడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

మన దగ్గర అందరి చేతికీ ముందు అందేది సున్నం. అది క్రిములకు గిట్టదు, కొంత తడినీ పీల్చుకుంటుంది. కానీ సున్నం క్షారం. ఆమ్లగుణం ఉన్న లిట్టర్‌లో అమ్మోనియా లవణంగా మారి అక్కడే ఉండిపోతుంది. క్షారగుణం పెరిగేకొద్దీ వాయువై పైకి లేస్తుంది. కోళ్లు లోపల ఉండగా తడి ఊక మీద సున్నం కుమ్మరిస్తే కంపు తగ్గకపోగా రేగుతుంది. బ్యాచ్ వెళ్లిపోయాక ఖాళీ నేలకు వేయడానికి సున్నం మంచిదే. కోళ్లున్నప్పుడు పనికొచ్చేది ఆమ్లగుణం ఉన్న సూపర్ ఫాస్ఫేట్. అమెరికాలో బ్రాయిలర్ షెడ్లలో అల్యూమినియం సల్ఫేట్ చల్లేదీ ఇందుకే. ఏది చల్లినా గడ్డకట్టిన లిట్టర్‌ను తీసేసి, మిగతాది తిరగేసిన తరవాతే.

ఈగలకూ తడే కావాలి. తాజా రెట్టలో దాదాపు ముప్పాతిక వంతు నీరే. వేసవిలో ఈగ గుడ్డు పెట్టిన వారం పది రోజులకే కొత్త ఈగ ఎగురుతుంది. గోదావరి జిల్లాల లేయర్ షెడ్లలో పంజరాల కింద పేరుకునే రెట్ట చూసి, మొత్తం ఒకేసారి ఊడ్చేద్దామనిపించడం సహజం. అక్కడే పొరపాటు. ఎండిన పాత కుప్పలో ఈగ గుడ్లనూ పిల్ల పురుగులనూ తినే చిన్న పెంకుపురుగులూ నల్లులూ కాపురముంటాయి. అంతా ఎత్తేస్తే ఈగలు రోజుల్లో తిరిగొస్తాయి, వాటిని తినేవి రావడానికి వారాలు పడుతుంది. అడుగున కొంత ఎండు రెట్ట వదిలి, పైది తీయాలి.

పేలూ పిడుదుల లెక్క వేరు. పేను బతుకంతా కోడి ఒంటిమీదే. ఈకల మొదళ్లలో గుడ్లు అంటిస్తుంది. దుమ్ములో పొర్లాడటం కోడి దానికి చేసుకునే వైద్యం. సన్నటి పొడి పురుగు పైపొర మీది మైనాన్ని గీకేస్తే ఒంట్లో నీరు ఆవిరై అది చస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో ప్రచురించిన పరిశోధనలో దుమ్ముతొట్టిలో గంధకం కలిపితే మిగతా పొడులకన్నా బాగా పనిచేసింది. పెరట్లో వనరాజా, గ్రామప్రియ లాంటి కోళ్లను పెంచుకునేవాళ్లు నీడలో, తడవని చోట ఒక తొట్టి పెడితే సరిపోతుంది.

పిడుదు అలా కాదు. పగలంతా చెక్క పగుళ్లలో దాక్కుని, రాత్రి వచ్చి రక్తం తాగి వెళ్లిపోతుంది. కోడిని పగలు వెతికితే పెద్దవి కనిపించవు. అందుకే వేపాకు నుంచి సీతాఫలం గింజల పొడి దాకా ఏది పడితే అది పూసేస్తారు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే, మనిషికైనా కోడికైనా, కన్ను పాడవుతుంది. ‘సహజం’ అన్న చీటీనీ గుడ్డిగా నమ్మకూడదు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం కోళ్ల షెడ్లలో, కోళ్ల రక్తం తాగే ఎర్రనల్లికి, మొక్కల సారంతో చేసిందని చెప్పి వాడిన మందులో ఫిప్రోనిల్ బయటపడింది. మన వరి, మిరప రైతులు ఎరిగిన పురుగుమందే. లక్షల గుడ్లు పారబోశారు.

రాత్రి టార్చి పట్టుకుని గూటి పగుళ్లలో కత్తిమొన దూర్చి గీకితే బూడిదరంగు బల్లపరుపు పురుగులు రాలతాయి. కోళ్లను బయటికి తీసి, పగుళ్లలో మరిగే నీళ్లు పోసి, లేదా ఇనుము, సిమెంటు చోట్ల ఫ్లేమ్ గన్‌తో కాల్చి, వాటిని సిమెంటుతో పూడ్చాలి. గూడు కొన్నాళ్లు ఖాళీగా వదిలేస్తే ఆకలికి అవే చస్తాయనుకోవద్దు. మేత లేకుండా ఏడాదికి పైగా బతుకుతుంది పిడుదు.