గంపగుత్త లెక్క, గుంపుల వారీ లెక్క

ముందు ఒక లెక్క చూడండి. 1973లో అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ క్యాంపస్‌లో పీజీ అడ్మిషన్లు జరిగాయి. అక్కడి ఆరు పెద్ద డిపార్ట్‌మెంట్లకు 2,691 మంది అబ్బాయిలు, 1,835 మంది అమ్మాయిలు అప్లై చేశారు. అబ్బాయిల్లో 1,198 మందికి సీటొచ్చింది, అంటే 44.5 శాతం. అమ్మాయిల్లో 557 మందికి వచ్చింది, అంటే 30.4 శాతం. మధ్యలో తేడా 14 శాతం.

ఈ రెండు అంకెలు మాత్రమే చూస్తే ఎవరైనా ఏమంటారు? "అమ్మాయిలకు అన్యాయం జరిగింది" అంటారు. నేనైనా అదే అంటాను. ఇది చిన్న విషయం కూడా కాదు, ఒక యూనివర్సిటీ మీద వివక్ష ఆరోపణ. కానీ తీర్పు చెప్పేముందు ఇదే డేటాని డిపార్ట్‌మెంట్ల వారీగా విడగొట్టి టేబుల్ వేద్దాం.

ఈ డేటా మనందరి దగ్గరా ఉంది. ఆర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుంటే "యూసీబీ అడ్మిషన్స్" అనే పేరుతో దాంతోపాటే వచ్చేస్తుంది. డిపార్ట్‌మెంట్ల అసలు పేర్లు అందులో ఉండవు, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే. విడగొడితే వచ్చే టేబుల్ ఇదీ:

ఎ: అబ్బాయిలు 825లో 512 (62%), అమ్మాయిలు 108లో 89 (82%)
బి: అబ్బాయిలు 560లో 353 (63%), అమ్మాయిలు 25లో 17 (68%)
సి: అబ్బాయిలు 325లో 120 (37%), అమ్మాయిలు 593లో 202 (34%)
డి: అబ్బాయిలు 417లో 138 (33%), అమ్మాయిలు 375లో 131 (35%)
ఇ: అబ్బాయిలు 191లో 53 (28%), అమ్మాయిలు 393లో 94 (24%)
ఎఫ్: అబ్బాయిలు 373లో 22 (6%), అమ్మాయిలు 341లో 24 (7%)

ఆరింటిలో నాలుగు చోట్ల అమ్మాయిల శాతమే ఎక్కువ. మిగతా రెండు చోట్ల అబ్బాయిలది కాస్త ఎక్కువ. మరి ఆ 14 శాతం తేడా ఎటు పోయింది?

తేడా ఎక్కడ దాక్కుంది

శాతాల్ని పక్కన పెట్టి, ఎవరు ఎక్కడ అప్లై చేశారో చూడండి. ఎ, బి డిపార్ట్‌మెంట్లలో సీటు తేలిగ్గా వస్తోంది, అప్లై చేసినవాళ్ళలో సగం కంటే ఎక్కువ మందికి వచ్చింది. అబ్బాయిల్లో 1,385 మంది, అంటే సగం మందికి పైగా, ఈ రెండింటికే అప్లై చేశారు. అమ్మాయిల్లో ఈ రెండింటికీ కలిపి 133 మందే, 7 శాతం. మిగతా 93 శాతం మంది అమ్మాయిలు సీటు కష్టంగా దొరికే సి, డి, ఇ, ఎఫ్‌లకి అప్లై చేశారు.

గంపగుత్తగా కలిపేసినప్పుడు వచ్చే శాతం అనేది ఆరు శాతాల మామూలు సగటు కాదు. ఏ గుంపులో ఎంతమంది ఉంటే ఆ గుంపుకి అంత బరువు. అబ్బాయిల సగటుని ఎ, బిలు పైకి లాగాయి. అమ్మాయిల సగటుని మిగతా నాలుగూ కిందికి లాగాయి.

నేను ఇంకో లెక్క వేసి చూశాను. అమ్మాయిల సీట్ల శాతాలు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, అప్లికేషన్లు మాత్రం అబ్బాయిల్లాగే పంచుకుని ఉంటే మొత్తం శాతం ఎంత వచ్చేది? 51.6 వస్తుంది. అబ్బాయిల 44.5 కంటే ఎక్కువ! అయితే ఈ 51.6 చాలావరకు ఎ, బి మీద ఆధారపడింది. అక్కడ అమ్మాయిలు 133 మందే కాబట్టి దీన్ని పట్టుకుని వాదనకి దిగొద్దు, ఎటువైపు మొగ్గుతోందో చూడ్డానికి మాత్రం పనికొస్తుంది.

గుంపుల్లో ఒకలా, కలిపితే ఇంకోలా కనబడే ఈ వింతని సింప్సన్స్ పారడాక్స్ అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో దీని మీద పేపర్ రాశాడు. ఆయనకంటే ముందే, 1903లో, ఉడ్నీ యూల్ కూడా ఇలాంటిదే చూపించాడు. బర్క్‌లీ డేటా మీద బికెల్, హామెల్, ఓకానెల్ అనే ముగ్గురు రాసిన పేపర్ 1975లో సైన్స్ పత్రికలో వచ్చింది.

సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుంది

గుంపుల వారీ టేబుల్‌కి ఏ సాఫ్ట్‌వేర్ వాడినా పని మూడు మెట్లలో జరుగుతుంది. డేటాని గుంపులుగా విడగొట్టడం, ప్రతి గుంపు మీదా ఒకే లెక్క నడపడం, వచ్చిన జవాబుల్ని ఒక టేబుల్‌గా కలపడం. హ్యాడ్లీ వికమ్ 2011లో రాసిన ఒక పేపర్‌లో దీన్నే స్ప్లిట్, అప్లై, కంబైన్ అన్నాడు. ఈ మూడు మాటలు గుర్తుంటే చాలు, మిగతాది కమాండ్ల పేర్ల తేడానే.

ఎస్‌పీఎస్‌ఎస్‌లో డేటా మెనూలో స్ప్లిట్ ఫైల్ ఉంటుంది. అందులో రెండు దార్లు. "కంపేర్ గ్రూప్స్" ఎంచుకుంటే గుంపులన్నీ ఒకే టేబుల్‌లో ఒకదాని కింద ఒకటి వస్తాయి. రెండోది ఎంచుకుంటే ప్రతి గుంపుకీ విడివిడి టేబుళ్ళు వస్తాయి. పోల్చడానికైతే మొదటిది, ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి దాని రిపోర్ట్ దానికి ఇవ్వాలంటే రెండోది. శాస్‌లో ముందు ప్రాక్ సార్ట్, తర్వాత బై స్టేట్‌మెంట్. స్టాటాలో బైసార్ట్ అని ముందు తగిలిస్తే రెండు పనులూ అదే చేస్తుంది. పైథాన్ పాండాస్‌లో గ్రూప్‌బై, క్రాస్‌ట్యాబ్. ఆర్‌లో ఎక్స్‌ట్యాబ్స్, ట్యాప్లై, లేదా డీప్లైర్ ప్యాకేజీలో గ్రూప్ బై.

మన సీఎస్ఈ వాళ్ళకి ఇక్కడ నచ్చే సంగతి ఒకటుంది. విడగొట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి సార్ట్ పద్ధతి: డేటాని వరసలో పెట్టి, కీ మారిన చోటల్లా కొత్త గుంపు మొదలుపెట్టడం. రెండోది హ్యాష్ పద్ధతి: ప్రతి వరసా వచ్చినప్పుడు దాని కీ చూసి తగిన డబ్బాలో వేయడం. శాస్‌లో బై మొదటి రకం. అందుకే సార్ట్ చేయని డేటా ఇస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పైథాన్ ఇటర్‌టూల్స్‌లోని గ్రూప్‌బై కూడా మొదటి రకమే, కానీ అది ఎర్రర్ ఇవ్వదు. ఎ, బి, ఎ అని వస్తే నోరెత్తకుండా మూడు గుంపులు చేసి ఇస్తుంది. పాండాస్ గ్రూప్‌బై రెండో రకం కాబట్టి వరసతో దానికి పని లేదు. పేరు ఒకటే అయినా పనితీరు వేరు, జాగ్రత్త.

ఒకే అంకెకి మూడు శాతాలు

విడగొట్టడం వచ్చేసింది, ఇప్పుడు అసలు తిరకాసు. ఎ డిపార్ట్‌మెంట్‌లో సీటొచ్చిన అబ్బాయిలు 512 మంది. ఈ 512 ఎంత శాతం?

అప్లై చేసిన అబ్బాయిలు 825, అందులో 62 శాతం. సీట్లొచ్చిన వాళ్ళు మొత్తం 601, అందులో 85 శాతం. అప్లై చేసిన అందరూ కలిపి 933, అందులో 55 శాతం. మూడూ కరెక్టే, సాఫ్ట్‌వేర్ మూడూ ఇస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ క్రాస్‌ట్యాబ్స్‌లో రో, కాలమ్, టోటల్ అని మూడు టిక్కులు. పాండాస్ క్రాస్‌ట్యాబ్‌లో నార్మలైజ్ అనే ఆప్షన్.

"ఎ డిపార్ట్‌మెంట్ సీట్లలో 85 శాతం అబ్బాయిలకే" అని హెడ్డింగ్ పెట్టొచ్చు. "ఎ డిపార్ట్‌మెంట్‌లో 82 శాతం అమ్మాయిలకి సీటు, అబ్బాయిలకి 62 శాతమే" అని కూడా పెట్టొచ్చు. రెండూ ఒకే టేబుల్ నుంచే వచ్చాయి, రెండిట్లోనూ అబద్ధం లేదు. అందుకే శాతం కనిపించగానే "దేంట్లో శాతం?" అని అడగాలి. మనం అడిగిన ప్రశ్న "అప్లై చేస్తే సీటొస్తుందా?" అయితే, కింద ఉండాల్సింది అప్లై చేసినవాళ్ళ సంఖ్యే.

టేబుల్ వేసేటప్పుడు చూసుకోవాల్సినవి

మొదటిది, ఒక్కో వరస ఒక్కో మనిషా, కాదా? ఆర్‌లోని ఈ బర్క్‌లీ డేటాని డేటాఫ్రేమ్‌గా మారిస్తే 24 వరసలే వస్తాయి: ఆరు డిపార్ట్‌మెంట్లు, అమ్మాయి-అబ్బాయి, సీటు వచ్చిందా-రాలేదా. ఎంతమందో చెప్పే సంఖ్య పక్కన ఇంకో కాలమ్‌లో ఉంటుంది. ఆ కాలమ్‌ని వాడకుండా వరసలు లెక్కపెడితే ప్రతి గుంపులోనూ ఒకటి వచ్చినవాళ్ళ వరస, ఒకటి రానివాళ్ళ వరస. అన్ని చోట్లా చక్కగా 50 శాతం! ఎర్రర్ రాదు, టేబుల్ కూడా అందంగా ఉంటుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో దీనికి వెయిట్ కేసెస్ పెట్టాలి, ఆర్‌లో ఎక్స్‌ట్యాబ్స్‌కి ఆ కాలమ్ పేరు ఇవ్వాలి.

రెండోది, ఖాళీ సెల్స్. డిపార్ట్‌మెంట్ నింపని వరసల్ని పాండాస్ గ్రూప్‌బై మామూలుగా వదిలేస్తుంది. ఆర్‌లోని టేబుల్ ఫంక్షన్ కూడా అంతే. చెప్పి వదిలేయదు, ఊరికే వదిలేస్తుంది. దీనికి మందు పాతకాలపు మందే: గుంపుల మొత్తాలన్నీ కూడి అసలు మొత్తంతో సరిచూడ్డం. మన టేబుల్‌లో 933, 585, 918, 792, 584, 714 కూడితే 4,526. మొదట్లో చెప్పిన 2,691, 1,835 కూడినా 4,526. సరిపోయింది. కిరాణా కొట్లో చిట్టా ఇలాగే సరిచూస్తారు.

మూడోది, విడగొట్టింది మళ్ళీ కలపడం. ఎస్‌పీఎస్‌ఎస్‌లో స్ప్లిట్ ఫైల్ ఒకసారి ఆన్ చేస్తే మీరు ఆపేదాకా ఆన్‌లోనే ఉంటుంది. డీప్లైర్‌లో కూడా అన్‌గ్రూప్ చేసేదాకా గుంపులు డేటాని అంటిపెట్టుకునే ఉంటాయి. మొత్తం సగటు కావాలనుకుని అడిగితే గుంపుల సగటు వస్తుంది.

నాలుగోది, చిన్న గుంపులు. బి డిపార్ట్‌మెంట్‌లో అమ్మాయిలు 25 మందే. ఇంకొక్కరికి సీటొస్తే శాతం 68 నుంచి 72కి ఎగిరేది. ఎ డిపార్ట్‌మెంట్ అబ్బాయిల్లో ఇంకొకరికి వస్తే 0.12 శాతం మాత్రమే మారుతుంది. రెండు శాతాలూ పక్కపక్కనే ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి గానీ, రెండిటినీ ఒకేలా నమ్మలేం. అందుకే శాతం పక్కన మనుషుల సంఖ్య తప్పకుండా వేయాలి.

విడగొడితే సరిపోతుందా?

ఇక్కడే ఆగిపోతే, "ఓహో, డిపార్ట్‌మెంట్ల వారీగా చూస్తే వివక్ష లేదు, కథ కంచికి" అనిపిస్తుంది. నాకు అలా అనిపించట్లేదు. టేబుల్ చెప్పింది ఒక్కటే: ఈ ఆరు డిపార్ట్‌మెంట్ల సెలక్షన్ దగ్గర అమ్మాయిలకి వ్యతిరేకంగా పెద్ద మొగ్గు కనబడట్లేదు. అసలు అమ్మాయిలు ఎ, బి వైపు ఎందుకు వెళ్ళలేదు? స్కూల్లో ఏం చదివించారు? ఇంట్లో ఏమన్నారు? 1975 పేపర్ రాసినవాళ్ళు కూడా, సమస్య అడ్మిషన్ కమిటీల దగ్గర కాదు, అంతకుముందే చదువుల్లో, సమాజంలో మొదలవుతోందనే అన్నారు. మన దగ్గర "అమ్మాయికి మెకానికల్ ఎందుకమ్మా?" అనే మాట వినని వాళ్ళుంటే చెయ్యెత్తండి. ఆ మాట ఏ అడ్మిషన్ టేబుల్‌లోనూ ఒక కాలమ్‌గా ఉండదు.

ఏ కాలమ్ మీద విడగొట్టాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు. మనిషి పుట్టిన నెల ఇచ్చినా అంతే బుద్ధిగా పన్నెండు గుంపులు చేసి ఇస్తుంది. పోలికలో ఉన్న ఇద్దరూ వేరువేరు చోట్ల నిలబడి ఉన్నారా, ఆ చోటే ఫలితాన్ని మారుస్తోందా అని మనమే ఆలోచించాలి. బర్క్‌లీలో డిపార్ట్‌మెంట్ అలాంటి చోటు.

మనకెందుకిదంతా అంటారా? మా పిన్ని కూతురు ఈ ఏడాది ఇంటర్ సెకండియర్. "అన్నా, ఈ కాలేజీలో ప్లేస్‌మెంట్స్ ఎక్కువట, చేరిపోనా?" అంటూ వారానికో బ్రోచర్ ఫొటో పంపిస్తోంది. ప్రతిదాంట్లోనూ పెద్ద అక్షరాల్లో ఒకే ఒక్క శాతం. తనకి కావాల్సింది ఈసీఈ. సీఎస్ఈ సెక్షన్లు ఎక్కువున్న కాలేజీకీ, అన్ని బ్రాంచీలూ సమానంగా ఉన్న కాలేజీకీ ఆ ఒక్క శాతంతో పోలిక పెడితే, అది కాలేజీల పోలిక కాదు, బ్రాంచీల పోలిక అయిపోతుంది. ఈసీఈలో మాత్రం చూస్తే తక్కువ శాతం కాలేజీయే మెరుగ్గా ఉండొచ్చు కూడా.

అందుకే తనకి మూడు ప్రశ్నలు రాసి పంపించాను. బ్రాంచ్ వారీగా అంకెలున్నాయా? శాతం దేంట్లో, మొత్తం స్టూడెంట్స్‌లోనా, రిజిస్టర్ చేసుకున్నవాళ్ళలోనా? ప్రతి గుంపులో ఎంతమంది? ఒక కాలేజీకి ఫోన్ చేసి అడిగిందట. "మొత్తం మీద చూసుకోమ్మా" అన్నారట. తను ఇంకో కాలేజీకి ఫోన్ చేస్తోంది.