డబ్బు చేతికి ఎప్పుడు వస్తుంది?

ఇంట్లో పెట్టిన ఆవకాయ కావచ్చు, మంగళగిరి చీరలు కావచ్చు, కొండపల్లి బొమ్మలు కావచ్చు, సొంత వెబ్‌సైటులో అమ్మాలనుకునేవారు పేమెంట్ సంస్థలను పోల్చేటప్పుడు ముందు చూసేది శాతమే. ఒకరు నూటికి రెండు రూపాయలంటారు, మరొకరు రూపాయి తొంభై పైసలంటారు, ఇంకొకరు మొదటి కొన్నాళ్లు అసలేమీ వద్దంటారు. ఎవరు తక్కువ చెబితే వారి దగ్గర ఖాతా తెరిచేస్తారు. కూరగాయల బేరంలా సాగే ఈ ఎంపిక చిన్న వ్యాపారికి మేలు చేయదని నా అభిప్రాయం. ముందు అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. కొన్నవారు కట్టిన డబ్బు నా బ్యాంకు ఖాతాలో ఏ రోజు పడుతుంది? దాన్ని ఆపే హక్కు ఎవరికుంది, ఏ కారణాలకు? ఆపితే పలికే మనిషి ఉన్నాడా? శాతం లెక్క వీటి తరవాతే.

కాగితం మీద లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది. నెలకు లక్ష రూపాయల అమ్మకం ఉన్న దుకాణాన్ని తీసుకుందాం. రెండు శాతం రుసుము అంటే 2,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 360, మొత్తం 2,360. అదే 1.9 శాతమైతే పన్నుతో కలిపి 2,242. నెలకు మిగిలింది 118 రూపాయలు. ఇప్పుడు రోజుల లెక్క చూడండి. లక్ష అమ్మకమంటే రోజుకు సగటున 3,300 రూపాయల పైమాటే. ఒక సంస్థ రెండు రోజుల్లో డబ్బు జమచేస్తుంది, మరొకటి ఏడు రోజులు పట్టుకుంటుంది అనుకుంటే, ఆ అయిదు రోజుల తేడా వల్ల దాదాపు 16,500 రూపాయలు ఎప్పుడూ సంస్థ దగ్గరే ఉండిపోతాయి. ఆవకాయ అదనులో మామిడికాయలకు, కారానికి, పప్పునూనెకు రొక్కం పెట్టాల్సిన మనిషికి ఆ పదహారువేలు పెట్టుబడి. దానికోసం చేబదులు తెచ్చుకుంటే కట్టే వడ్డీ ముందు 118 రూపాయల ఆదా నిలవదు. ‘రెండు రోజులు’ అని చెప్పే చోట కూడా అవి పనిదినాలా, క్యాలెండరు రోజులా అని అడగాలి. పండగకు బ్యాంకు సెలవులు, రెండో శనివారం, ఆదివారం వరసగా కలిస్తే రెండు రోజులు అయిదు రోజులవుతాయి. పండగల్లోనే అమ్మకాలు ఎక్కువ. కావాలంటే అప్పటికప్పుడు జమచేస్తామనే సదుపాయమూ ఉంటుంది, దానికి మళ్లీ వేరే రుసుము.

ఒక్క ఆర్డరును దగ్గరగా పట్టి చూద్దాం. ఏడువందల రూపాయల పచ్చడి సీసా. కొన్నావిడ నెట్‌బ్యాంకింగుతో కట్టింది. రుసుము 14 రూపాయలు, జీఎస్టీ 2 రూపాయల 52 పైసలు, దుకాణానికి దక్కేది 683 రూపాయల 48 పైసలు. దారిలో సీసా పగిలింది, డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఆమెకు పూర్తి 700 వెళ్లాలి. చాలా సంస్థలు రీఫండ్ చేసినా తమ రుసుము తిరిగి ఇవ్వవు, కాబట్టి పచ్చడి, కొరియరు ఖర్చు పోగా ఆ 16 రూపాయల 52 పైసలూ దుకాణం నెత్తినే. ఇంకో చిక్కుంది. ఈసారి ఆమె యూపీఐతో డబ్బు కట్టింది, ఆ క్షణంలోనే ఫోనులో సిగ్నల్ పోయింది, మీ సైటు పేజీ మళ్లీ తెరుచుకోలేదు. బ్యాంకు డబ్బు కోసుకుంది, మీ దగ్గర మాత్రం ఆర్డరు ‘పెండింగ్’ అనే ఉంది. ఇలాంటప్పుడు కొనుగోలుదారు ఫోనుతో సంబంధం లేకుండా, డబ్బు అందిందన్న కబురు పేమెంట్ సంస్థ సర్వరు నుంచి మీ సైటుకు నేరుగా రావాలి. సైటు కట్టేవాళ్లు దీన్ని వెబ్‌హుక్ అంటారు. డబ్బు దుకాణానికి చేరకపోతే, 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన గడువు ప్రకారం అయిదు రోజుల్లోగా అది దానంతటదే కొనుగోలుదారు ఖాతాకు వెనక్కి వెళ్లాలి, దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం కట్టాలి. కానీ కొన్నావిడ ఫోను చేసేది బ్యాంకుకు కాదు, మీకు. ఆమె చదివి చెప్పే పన్నెండంకెల యూపీఐ లావాదేవీ నంబరు కొట్టగానే డబ్బు ఎక్కడుందో చూపించే తెర మీ పేమెంట్ సంస్థ ఇచ్చిందా లేదా అన్నది, ఆమె మళ్లీ మీ దగ్గర కొంటుందా లేదా అన్నంత పెద్ద విషయం.

మధ్యలో ఉండి డబ్బు పట్టుకునే ఈ సంస్థలను పేమెంట్ అగ్రిగేటర్లు అంటారు. కొన్నవారి డబ్బు ముందు వీరి దగ్గరకు చేరి, అక్కడినుంచి దుకాణానికి వస్తుంది. 2020 మార్చి 17న రిజర్వు బ్యాంకు వీరికి నియమాలు పెట్టింది. బ్యాంకు కాని సంస్థ అయితే అనుమతి తీసుకోవాలి, దరఖాస్తు నాటికి 15 కోట్ల రూపాయల నికర ఆస్తి ఉండాలి, దుకాణదారుల డబ్బును సొంత డబ్బుతో కలపకుండా ఒక షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో పెట్టాలి, ఫిర్యాదులకు ఒక నోడల్ అధికారిని నియమించాలి. చిన్న దుకాణానికి ఇది పెద్ద రక్ష. అయితే ఆ నియమాల్లోనే ఒక మెలిక కూడా ఉంది. జమ గడువును సరుకు పంపిన రోజు నుంచి లెక్కపెట్టాలా, చేరిన రోజు నుంచా అన్నది సరుకు చేర్చే బాధ్యత ఎవరిదో దాన్ని బట్టి ఉంటుందని, ఒప్పందంలో రాసుకుంటే వాపసు గడువు ముగిసేదాకా కూడా డబ్బు ఆపుకోవచ్చని అన్నారు. అంటే, మీరు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కి దాటేసే ఆ పొడుగాటి పేజీలోనే మీ డబ్బు ఎప్పుడొస్తుందో రాసి ఉంటుంది.

పేరున్న పెద్ద సంస్థను పట్టుకుంటే ఇవేవీ చూసుకోనక్కర్లేదు అనేవారున్నారు. పేరుకు విలువ లేదనను. కానీ 2022 డిసెంబరులో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. దేశంలో పేరు మోసిన రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి సంస్థలను కొత్త దుకాణాలను చేర్చుకోవద్దని రిజర్వు బ్యాంకు ఆపింది. తుది అనుమతి 2023 డిసెంబరులో గానీ రాలేదు. అప్పటికే ఉన్న దుకాణాలకు సేవ ఆగలేదు గానీ, ఆ ఏడాది కొత్తగా దుకాణం పెట్టాలనుకున్నవారు వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది. ప్రపంచమంతా తెలిసిన పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోపలి చెల్లింపులనే మానేసింది, విదేశాల నుంచి వచ్చేవాటికి పరిమితమైంది. ఇందులో ఎవరి తప్పునూ ఎంచడం లేదు. చిన్న దుకాణం తన గల్లాపెట్టె తాళం ఒక్కరి చేతిలోనే పెట్టకూడదని మాత్రం ఈ రెండూ చెబుతున్నాయి. సైటు కట్టించేటప్పుడే, అవసరమైతే రెండో సంస్థకు మారడానికి వీలుగా కట్టమని చెప్పండి. మొదట్లో ఇది కొద్దిపాటి పని, తరవాత పెద్ద పని.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. యూపీఐ క్యూఆర్ కోడ్ పెట్టుకుంటే రుసుమూ లేదు, ఎదురుచూపూ లేదు, డబ్బు అప్పటికప్పుడే ఖాతాలో పడుతుంది, మరి మధ్యలో ఈ సంస్థ ఎందుకు? న్యాయమైన మాటే. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై బ్యాంకులు ఎండీఆర్ అనే రుసుము తీసుకోకూడదని ప్రభుత్వం చెప్పింది. రోజుకు రెండుమూడు ఆర్డర్లు, అవీ తెలిసినవారి నుంచి వచ్చేవైతే క్యూఆర్ కోడ్, వాట్సాప్ చాలు. అప్పుడే అగ్రిగేటరు జోలికి పోనక్కర్లేదని నేనూ అంటాను. చిక్కు వచ్చేది ఆర్డర్లు పెరిగినప్పుడు. కొన్నవారు స్క్రీన్‌షాట్ పంపుతారు, అది నిజమో కాదో బ్యాంకు ఖాతా తెరిచి ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. నకిలీ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లున్న రోజులివి. ఒకే ధర సీసాలు నలుగురు కొంటే ఏ 700 ఎవరిదో తేల్చడానికే సాయంత్రం గడిచిపోతుంది. పైగా, మోసం సొమ్ము ఎవరైనా మీ దగ్గర ఖర్చు చేస్తే, సైబర్ క్రైమ్ ఫిర్యాదు మీద బ్యాంకు మీ ఖాతాలో డబ్బును స్తంభింపజేసే ప్రమాదం ఉంది. అది ఇంటి ఖర్చులు నడిచే సొంత ఖాతానే అయితే పిల్లల ఫీజుల దాకా ఆగిపోతాయి. కాబట్టి ఏ దారిలో వెళ్లినా వ్యాపారానికి వేరే ఖాతా ఉండాలి.

మార్జినే నూటికి పదో పన్నెండో అయినప్పుడు అందులో రెండు పోతే ఏం మిగులుతుందని అడిగేవారికి, శాతం లెక్కలేదని నేను చెప్పడం లేదు. ఆ ఒక్క అంకెను నమ్మవద్దంటున్నాను. పెద్ద అక్షరాలతో వేసే రెండు శాతం అన్నిటికీ వర్తించకపోవచ్చు. విదేశీ కార్డులకు, కొన్ని రకాల క్రెడిట్ కార్డులకు, ఈఎంఐకి ఎక్కువుంటుంది. యూపీఐ మీద ఎండీఆర్ లేకపోయినా ‘ప్లాట్‌ఫామ్ ఫీజు’ అని వేరే పేరుతో తీసుకోవచ్చు. అందుకే యూపీఐకి ఎంత, డెబిట్ కార్డుకు ఎంత, క్రెడిట్ కార్డుకు ఎంత అని విడివిడిగా రాతపూర్వకంగా అడగాలి. మీ దగ్గర కొనేవారిలో ఎక్కువమంది యూపీఐతో కట్టేవారైతే, ఆ గడిలో ఉన్న అంకే మీ అసలు ఖర్చు. చెల్లింపు పేజీలో యూపీఐని పైన పెట్టడం, అమ్మకం పెరిగాక రుసుము తగ్గించమని అడగడం దుకాణదారు చేతిలో ఉన్న పనులు. అడిగితే తగ్గిస్తారు, అడగనివారికి ఎవరూ తగ్గించరు.

డబ్బు ఆగిపోయే సందర్భాల గురించి ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. నెలకు లక్ష అమ్మే దుకాణంలో ఒక్క వారంలో మూడు లక్షలు అమ్ముడైతే వ్యాపారికి అది సంబరం, సంస్థ కంప్యూటరుకు మాత్రం అనుమానం. ఖాతా తెరిచేటప్పుడు చీరలని రాసి, తరవాత పచ్చళ్లు కూడా పెడితే అదీ అనుమానమే. సైటులో వాపసు నియమాలు, రీఫండ్ గడువు స్పష్టంగా ఉండాలన్నది 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. అది లేకపోయినా పేచీ వస్తుంది. ఆహార పదార్థాలు అమ్మేవారిని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాగితం అడగడం మామూలు. ఇక చార్జ్‌బ్యాక్. కార్డుతో కొన్న మనిషి సరుకు అందలేదనో, చెప్పినట్టు లేదనో తన బ్యాంకుకు ఫిర్యాదు చేయడానికి చాలా సందర్భాల్లో 120 రోజుల దాకా గడువుంటుంది. ఓటీపీ కొట్టే కట్టారు కదా అంటే, ఓటీపీ చూపించేది కట్టింది కార్డు యజమానేనని, సరుకు ఇంటికి చేరిందని కాదు. కొరియరు రసీదు, డెలివరీ రుజువు నాలుగైదు నెలలు దాచుకున్న దుకాణమే ఆ వాదనలో గెలుస్తుంది. అనుమానం వచ్చినప్పుడు సంస్థ ఎన్ని రోజుల్లోగా తేలుస్తుందో, మొత్తం డబ్బు ఆపుతుందా, పేచీ ఉన్నంత మేరకేనా అన్నది ఒప్పందంలో వెతకండి. దొరకకపోతే మెయిలు పెట్టి అడగండి. జవాబు రావడానికి పట్టిన రోజులే ఆ సంస్థ గురించి చాలా చెబుతాయి.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగువారికి అమ్మేవారి సంగతి మరికాస్త వేరు. అక్కడి కార్డులు మన దేశంలోపలి చెల్లింపులకు కుదిరిన ఖాతాలో అన్నిసార్లూ పనిచేయవు. విదేశీ చెల్లింపులకు విడిగా అనుమతి తెచ్చుకోవాలి, రుసుము ఎక్కువ, డాలరును రూపాయిగా మార్చే రేటులో మరికొంత పోతుంది. 2023 అక్టోబరు 31న రిజర్వు బ్యాంకు సరిహద్దు దాటే చెల్లింపులు చూసే అగ్రిగేటర్లకు కూడా నియమాలు తెచ్చింది. మీ సంస్థకు ఆ అనుమతి ఉందా, వచ్చిన విదేశీ డబ్బుకు బ్యాంకు పత్రం ఇప్పిస్తుందా అని ముందే కనుక్కోవాలి. ఎగుమతి లెక్క చూపించాల్సిన రోజున ఆ పత్రమే అవసరం.

ఎంచుకున్న సంస్థ పేరు రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోని అనుమతి పొందిన అగ్రిగేటర్ల జాబితాలో ఉందో లేదో చూడండి, రెండు నిమిషాల పని. ఖాతా తెరిచాక, దుకాణం నలుగురికీ చెప్పకముందే, మీ ఫోను నుంచి మీరే ఒక వస్తువు కొనండి. ఒకసారి యూపీఐతో, ఒకసారి కార్డుతో. డబ్బు ఏ రోజు జమ అయిందో, ఎంత కోత పడిందో రాసిపెట్టుకోండి. తరవాత ఒకదానికి రీఫండ్ చేసి అది ఎన్నాళ్లకు తిరిగి వచ్చిందో చూడండి. శనివారం సాయంత్రం వారి సహాయ కేంద్రానికి ఒక ఫోను చేసి, ఎవరైనా పలికారేమో చూడండి. పలకకపోతే, ఇంకా ఒక్క ఆర్డరు కూడా రాని ఆ రోజే మరో సంస్థను చూసుకోండి.